రేవుకు రాని పడవలు

చావు కబురు చల్లగా చెప్పడం అంటారు. ఈ కబురు అంతకన్నా చల్లగా వచ్చింది. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో పోతున్నాను. పూతలపట్టులో బస్సు ఆగితే ఫోన్ తీశాను. మా పాత పరిశోధక విద్యార్థుల గ్రూపులో ఎవరిదో పుట్టినరోజు కేకు బొమ్మ, దాని కింద "మన స్టాటిస్టిక్స్ మేడమ్ గారు పలమనేరులో స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతిస్తున్నాము" అని ఒక ముక్క, దాని కింద వరసగా జోడించిన చేతులు. ఒకాయన తొందరలో చప్పట్ల బొమ్మ పెట్టేసి, నాలుక కరుచుకుని తీసేసి, మళ్లీ చేతులు జోడించాడు. బస్సు కదిలింది. ఏడుపు రాలేదు. అది వచ్చేలోపలే గ్రూపులో ఇంకో బొమ్మ వచ్చి పడింది. దాన్ని చూసి ఒళ్లు మండిపోయింది.

అది సంస్మరణ సభ ఆహ్వానం. చుట్టూ తామరపూలు, మధ్యలో మేడమ్ ఫొటో. ఏదో గ్రూపు ఫొటోలోంచి కత్తిరించారు. ఆమె భుజం పక్కన ఎవరిదో మోచెయ్యి ఇంకా అట్లాగే ఉంది. ఆ గళ్ల చొక్కా నేను గుర్తుపట్టాను. మా పులికాట్ సరస్సు ప్రాజెక్టుకు పెద్దగా ఉండిన ప్రొఫెసర్‌ది. మేమంతా ఆయన్ని పెద్దసారు అనేవాళ్లం. ఆహ్వానం పంపిందీ ఆయనే. ఫొటో కింద పెద్ద అక్షరాలతో "సంస్మరణ సభ" అని ఉంది, దాని కింద ఇంకా పెద్ద అక్షరాలతో "మేడమ్ గారి సహ కర్తృత్వంలో రూపొందిన పులికాట్ నివేదిక ఆవిష్కరణ" అని ఉంది.

ఛీ అన్నాను. పైకే అన్నాను. పక్క సీటులో ఆమె తన మీద అనుకుని చెంగు సర్దుకుంది.

బతికి ఉన్నంతకాలం ఏ కాగితం మీద సంతకం పెట్టనని ఆమె మొండికేసిందో, ఆ కాగితం మీదే చచ్చాక ఆమె పేరు అచ్చేశారు. అదీ సంగతి. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆమె ఎవరో చెప్పాలి. పొగడ్తలు ఆమెకు గిట్టవు. "నన్ను మెచ్చుకోవద్దండప్పా, నాకు రోత" అనేది. అందుకే వీలైనంతవరకూ జరిగిందే చెబుతాను.

తిరుపతిలో మేము పరిశోధన చేసిన చోట జంతుశాస్త్రం వాళ్లకూ, వృక్షశాస్త్రం వాళ్లకూ, చేపల మీద పనిచేసేవాళ్లకూ స్టాటిస్టిక్స్ చెప్పేది మేడమ్. వసారా చివర్లో గది. కప్పలనో, కీటకాలనో, వేరుశనగ ఆకులనో ఏళ్ల తరబడి కొలిచి, ఆ అంకెలు తెచ్చి ఆమె ముందు పోసేవాళ్లు. పోసి, ఎవరైనా అడిగే మాట ఒకటే. "మేడమ్, ఏదో ఒక టెస్టు చేసి తేడా సిగ్నిఫికెంట్ అనిపించండి." టైలరు దగ్గరికి గుడ్డ తీసుకుపోయి రవిక కుట్టమన్నట్టు అడిగేవాళ్లు.

ఆమె వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఆ అంకెలు చూసేది. అంకెల మీద పొట్టు రాలేది. కనరెక్కిన గింజ నోట్లో పడితే మొహం చిట్లించి "థూ" అని కిటికీ బయటికి ఉమ్మేది. అంకెలు చూసినా అప్పుడప్పుడు అదే మొహం, అదే థూ. గది బయట నిలబడ్డ మేమంతా ఆ శబ్దం వస్తుందేమోనని చెవులు రిక్కించి వినేవాళ్లం.

ఒకసారి శేషాచలం కొండల కింద కప్పల్ని కొలిచిన ఒక అబ్బాయి వచ్చాడు. గ్రాఫులో ఒక చుక్క అన్నిటికీ దూరంగా, ఎక్కడో పైన ఒంటరిగా ఉంది.

"ఈ ఒక్కటీ తీసేస్తే అన్నీ సరిపోతాయి మేడమ్" అన్నాడు.

"ఎందుకు తీసేయాల? ఆ కప్ప నీకేం అన్యాయం చేసింది?"

"చానా పెద్దది మేడమ్. మిగతావాటితో కలిసేది లేదు."

"నువ్వు కొలిసింది తప్పా?"

"లేదు మేడమ్. మళ్లా కొలిచినాను గూడా. సరిగానే ఉండాది."

"అట్లయితే అది ఉండాది గదప్పా. ఉండేదాన్ని లేదనేదానికి నువ్వెవురు, నేనెవురు? పో, పోయి ఆ కప్ప యాడ దొరికిందో, ఆడ ఏముండాదో సూసిరా."

ఆ అబ్బాయి సణుక్కుంటూ పోయాడు. ఆ కప్ప దొరికింది ఒక పశువుల తొట్టి కింద. అక్కడ ఎండాకాలం కూడా నీళ్లు కారుతూ ఉండేవట. తర్వాత అతను రాసిన దాంట్లో పనికొచ్చింది ఆ ముక్క ఒక్కటే.

ఆమె పలమనేరు పక్కన పాడి ఉన్న ఇంట్లో పుట్టింది. ఎంత చదువుకున్నా ఆ యాస వదల్లేదు, వదలాలని అనుకోలేదు. ఉదాహరణలన్నీ ఆవులవీ, పాలవీ, సంగటివీ. ఒకే తొట్టిలో పెంచిన చేపల్ని తూచి, ఒక్కో చేపా ఒక్కో ప్రయోగం అని లెక్క చూపించిన ఒకమ్మాయితో ఆమె అన్న మాట ఇప్పుడు నేను మా కాలేజీలో ఏటా చెబుతున్నాను. "ఒక ఆవు పాలు పది గ్లాసుల్లో పోస్తే పది ఆవులైతాయామ్మే?" తొట్టి ఒకటే, నీళ్లు ఒకటే, మేత ఒకటే అయినప్పుడు అది ఒకే ప్రయోగం అని ఇంత సులువుగా చెప్పిన పుస్తకం నేనింతవరకు చూడలేదు.

అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుంటే చాలని సామెత. శాంపిల్ గురించి చెప్పమంటే అందరూ ఆ సామెతే చెబుతారు. ఆమెకు ఆ సామెత అంటే కోపం. "కలబెట్టకుండా పట్టుకుంటే ఏం తెలుస్తాదప్పా? పైన పలుకుండాదో, అడుగున మాడిందో. మా అమ్మ సంగటి కెలికేటప్పుడు తెడ్డు అడుగంటా పోవాల్సిందే. ల్యాకుంటే ఉండలు కడతాది, అవి తిన్నోనికే తెలుస్తాది." మధ్యాహ్నం డబ్బా విప్పితే అందులో నిజంగానే రాగిసంగటి ఉండేది, నంజుకోవడానికి ఊరిబిండి ఉండేది. ఎవరు ఎదురుగా ఉంటే వాళ్లకు సగం.

నాకు కూడా ఒకరోజు పెట్టింది. నేను మూడేళ్లు పీతల మీద చేసిన పని చివరికి తేలిపోయిన రోజది. నేను అనుకున్న తేడా లేదు. ఎన్ని విధాలుగా చూసినా లేదు. బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు. డబ్బా మూతలో సంగటి పెట్టి నా ముందుకు తోసింది. "తేడా ఉండాదో ల్యాదో తెలుసుకోను గదా పోయినావు? ల్యాదని తెలిసింది. ఏడ్సేది దేనికి? తిను. తినినాక అదే రాయి, తేడా ల్యాదని." అట్లాగే రాశాను. మా గైడుకు అది నచ్చలేదు. ఆమె దగ్గరుండి ఆయనతో వాదించి ఒప్పించింది. నాకు ఉద్యోగం వచ్చిందీ, ఇప్పుడు పిల్లల ముందు తలెత్తుకుని పాఠం చెబుతున్నదీ ఆ మూతలో సంగటి తిన్నందువల్లే అని నమ్ముతాను.

చదువు ఎవరైనా చెబుతారు. ఏది రోతో ఆమె చెప్పింది. అంకెల్ని కడిగి, తుడిచి, పౌడరు రాసి తెచ్చినవాళ్లను చూస్తే ఆమెకు నిజంగా కడుపులో తిప్పేది. ఆ రోగం నాకూ అంటించి పోయింది.

ఇక సరస్సు సంగతి.

పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాల్లో ఇసుక మేట వేసి, సముద్రపు నీళ్లు లోపలికి రావడం తగ్గిపోయిందని ఆ ఒడ్డున ఉన్న జాలర్ల ఊళ్లు చాలాకాలంగా మొత్తుకుంటున్నాయి. వేట పడిపోయింది, పూడిక తీయించండి అని. పడిపోయిందని రుజువేముంది అన్నారు పైవాళ్లు. ఆ రుజువు చూడడానికే ప్రాజెక్టు వచ్చింది. పెద్దసారు పెద్ద, మేడమ్ లెక్కలకు, నేను ప్రాజెక్టు సహాయకురాలిని. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు రోజూ పొద్దున వేలం జరిగే రేవు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి పడవలోని రొయ్యల్నీ చేపల్నీ తూకం వేసి రాసుకొచ్చేవాళ్లు. నాకు అప్పగించింది తిరుపతిలో ఆ అంకెలు కంప్యూటర్లోకి ఎక్కించే పని. చివరికి సగటు తీస్తే పడవకు వచ్చే వేట పాత లెక్కలకంటే ఏమీ తగ్గలేదు. పెద్దసారు మొహం వెలిగిపోయింది. సరస్సు బాగుందని చెబితే సంతోషించేవాళ్లు పైన చాలామంది ఉన్నారు మరి.

మేడమ్ ఆ కాగితాలు తిరగేసింది. వేరుశనక్కాయ ఒలవడం ఆపేసింది.

"ఏం మే, ఒక్క సున్నా గూడా ల్యాదే?"

నాకు అర్థం కాలేదు.

"ఇన్ని దినాలు, ఇన్ని పడవలు. ఒక్కడంటే ఒక్కడు గూడా వట్టి చేతుల్తో రాలేదా? వల వేసినోడికి వేసినట్ల ఇచ్చే సరస్సు యాడుందబ్బా? ఉంటే నేనూ వల కొనుక్కుంటా."

ఆ రాత్రే నన్ను వెంటేసుకుని సూళ్లూరుపేట బస్సెక్కింది. అక్కడి నుంచి ఆటో. తెల్లవారేసరికి రేవులో ఉన్నాం. పడవలు పోతున్నాయి. ఆమె ఏమీ రాసుకోలేదు, ఊరికే చూస్తూ నిలబడింది. ఎండ ఎక్కేసరికి పడవలు తిరిగొచ్చాయి, గంపలు దిగాయి, వేలం మొదలైంది, మా కుర్రాళ్లు తూకం వేశారు. అంతా పద్ధతిగా, చక్కగా జరుగుతోంది. గంపల పక్కన ఒకావిడ రొయ్యలు ఏరుతోంది. మేడమ్ ఆమె పక్కన గొంతుక్కూర్చుంది.

"అమ్మా, పొద్దున పోయిన పడవలన్నీ వచ్చినాయా?"

"అన్నీ యాడొస్తాయి? పడినోళ్లు వచ్చినారు."

"మరి పడనోళ్లు?"

ఆవిడ చేతిలో రొయ్య వదలకుండానే గడ్డంతో ఉత్తరం వైపు చూపించింది. "ఆడ, సర్కారు తుమ్మల కాడ కట్టుకుంటారు. ఈ రేవుకు రారు మేడమ్మా. బేరాలప్పుడు వట్టి పడవ ఎదురొస్తే అందరికీ బోణీ చెడిపోద్ది. మా తాతల నాటి నుంచీ అంతే."

మేడమ్ లేచింది. మొహం చూస్తే నాకు భయమేసింది. చెప్పులు చేతబట్టుకుని, చీర మడమల పైకెత్తుకుని, బురదలో దిగి ఉత్తరం వైపు నడిచింది. అడుగు తీసి అడుగు వేస్తే పాదం బుసుక్కున దిగిపోతోంది. కుళ్లిన నాచు వాసన. వెనక నేను.

తుమ్మల వెనక పడవలు ఉన్నాయి. రేవు దగ్గర చూసినన్ని కాకపోయినా చాలానే ఉన్నాయి. ఎవరి వల వాళ్లు కడుక్కుంటున్నారు. మమ్మల్ని చూసి ఒకాయన మొహం తిప్పుకున్నాడు. మధ్య వయసు మనిషి, ఎండకు మాడి నల్లబడ్డాడు, తలకు తువ్వాలు.

"నేను లెక్క రాసుకోను వచ్చినానప్పా" అంది మేడమ్. "ఎగతాళికి కాదు."

"ఏముందమ్మా రాసుకోను? ఏమీ పడలా."

"ఆ ఏమీ పడలా అనేదే నాకు కావాల్సింది. నా తావ అది ఒక్కటీ ల్యాదు."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. తరవాత పడవలోంచి గంప తీసి ఆమె ముందు బోర్లించాడు. రెండు నీటిచుక్కలు, ఒక నాచుపోగు పడ్డాయి. మేడమ్ నా వైపు తిరిగి, "రాయి మే, సున్నా" అంది. నేను రాసిన ఆ సున్నా మీద వేలు పెట్టి చూసుకుంది.

ఆ తర్వాత చాలా పొద్దులు మేమిద్దరం తుమ్మల కాడికి పోయాం. అన్నీ కలిపి లెక్క వేస్తే బొమ్మ తిరగబడింది. పడిన పడవలకు పడేది పడుతూనే ఉంది. వట్టిగా వచ్చే పడవలు మాత్రం నెల నెలకూ ఎక్కువవుతున్నాయి. రేవులో నిలబడి చూసేవాడికి అది ఎన్నేళ్లయినా కనపడదు. జాలర్లు అబద్ధం చెప్పలేదు, సరస్సూ చెప్పలేదు. వేలం పాట దగ్గర హాయిగా నీడలో నిలబడి లెక్క రాసిన మా పద్ధతి చెప్పింది అబద్ధం.

పెద్దసారు దగ్గరికి పోయి మేడమ్ ఇదంతా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన కాఫీ తాగుతున్నాడు.

"అవి డేటా కాదు మేడమ్. చేప తేనివాడి దగ్గర మనం కొలిచేదేముంది?"

"ఏమీ ల్యాకపోవడాన్ని కొల్సాల సార్."

"ఆ సున్నాలన్నీ కలిపితే గ్రాఫ్ పాడైపోతుంది. ఏ పత్రికవాడూ వేసుకోడు."

"పాసైనోళ్ల మార్కులకే సగటు తీస్తే చెడ్డబడి అనేది ఈ లోకంలో ఉండదు సార్. మీ గ్రాఫు సక్కగా ఉండాలని ఆ ఊళ్లు ఎండిపోవాల్నా?"

ఆయన నవ్వాడు. "మీరు మరీ సెన్సిటివ్. ఏదో ఒక సంతకం, పడేయండి." ఆ నవ్వు నాకు ఇప్పటికీ మరపు రాదు. చొక్కా మీద పడ్డ కాఫీ చుక్కను తుడుచుకుంటూ నవ్వినట్టు నవ్వాడు.

ఆమె లేచి నిలబడింది. "నా చెయ్యి విరిగినా పెట్టను" అంది. గుమ్మం దాటాక వసారాలో ఆగి, పిట్టగోడ మీదుగా బయటికి "థూ" అని ఉమ్మింది. నోట్లో వేరుశనగ గింజ లేదు.

లెక్కల మనిషి సంతకం లేక నివేదిక అట్లాగే ఆగిపోయింది. మేడమ్ తుమ్మల కాడి సున్నాలతో సహా వేరే లెక్క రాసి పైకి పంపింది. జవాబు లేదు. ఆమె రిటైరై పలమనేరులో చెల్లెలి ఇంటి పక్కన ఉండిపోయింది. నేను పోయినప్పుడల్లా అడిగే మాట ఒకటే: "ఆ పెద్దాయన అచ్చేసినాడా మే?" లేదంటే తృప్తిగా తల ఊపేది. అచ్చు కాకుండా ఆపడం తప్ప ఆమె చేతిలో ఇంకేమీ లేదు. తాను బతికి ఉండడమే దానికి అడ్డు అని ఆమెకు తెలుసు. నాకే ఆ సంగతి బస్సులో, పూతలపట్టు దాటాక తెలిసింది.

సభకు పోకూడదనుకున్నాను. పోయాను. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు. ఆమె గది ముందు నిలబడడానికి వణికినవాళ్లు, ఆమె వెనక "ఆ సంగటి మేడమ్" అని ఎక్కిరించినవాళ్లు, అంకెలు అల్లుకొచ్చి ఆమె చేత తిట్లు తిని, వేరేచోట టెస్టు చేయించుకుని డాక్టరేట్లు తెచ్చుకున్నవాళ్లు, అందరూ వచ్చారు. మైకు ముందు ఒక్కొక్కరి గొంతూ గద్గదం. "అంకెల సరస్వతి" అన్నాడు ఒకడు. తొట్టిచేపలమ్మాయి ఇప్పుడు పెద్ద హోదాలో ఉంది, ఆమె కళ్లు ఒత్తుకుంది. వెనక వరసలో ఉప్మా బాగుందని, ఇంకో కప్పు కాఫీ దొరుకుతుందా అని గుసగుసలు.

పెద్దసారు చివర్లో లేచాడు. "ఈ నివేదిక ఆమె ఆఖరి కోరిక" అన్నాడు. ఆ మాట వినడానికి ఆమె లేదు. ఉంటే చెప్పు విసిరేది. రంగు అట్ట, మీద పులికాట్ ఫ్లెమింగోల బొమ్మ, లోపలి పేజీలో నల్ల గీతల మధ్య ఆమె పేరు. వేట నిలకడగా ఉందని మొదటి పేరాలోనే ఉంది. మొదటి ప్రతిని ఆమె చెల్లెలికి అందిస్తామని పిలిచారు.

చెల్లెలు ముందు వరసలో కూర్చుని ఉంది. పాలు పితికి, పొద్దున మొదటి బస్సుకు వచ్చిన మనిషి. పాపం, ఏమీ తెలియదు. లేచి చేతులు చాచింది.

అంతవరకు నాలో నేను ఉడికిపోతూ కూర్చున్నదాన్ని అప్పుడు లేచాను. మైకు దగ్గరికి పోలేదు. ఉన్నచోటు నుంచే, "అమ్మా, తీసుకోవద్దు" అన్నాను.

సభంతా నా వైపు తిరిగింది. ఏం చెప్పానో అంతా గుర్తులేదు. తుమ్మల కాడ పడవల సంగతి చెప్పాను. గంప బోర్లించిన మనిషి సంగతి చెప్పాను. సున్నాలు తీసేసిన లెక్క ఇదని, దీని మీద సంతకం పెట్టనని ఆమె వసారాలో ఉమ్మిందని చెప్పాను. "ఇది సందర్భం కాదమ్మా" అన్నాడు పెద్దసారు. "చనిపోయినవాళ్ల ముందు మర్యాదగా ఉండాలి."

"మర్యాద గురించి మీరు చెప్పకండి సార్" అన్నాను.

చెల్లెలు నన్నే చూస్తోంది. "ఏమ్మా, మా అక్క దీంట్లో చెయ్యి పెట్టిందా, ల్యాదా?"

"పెట్టలేదమ్మా. చివరిదాకా పెట్టలేదు."

"నువ్వెప్పుడొచ్చినా ఆ పెద్దాయన అచ్చేసినాడా అని అడిగేదే, అదేనా ఇది?"

"అదే."

ఆమె ఆ పుస్తకాన్ని బల్ల మీద, అక్క ఫొటో నుంచి దూరంగా జరిపి పెట్టింది. పెట్టి, చేతులు చీరకు తుడుచుకుంది. "మాకొద్దు సామీ. అక్క వద్దనింది మేము ఎట్ల తీసుకుంటాము? మా అక్క పేరు దీంట్లోనుంచి తీసేయండి. తీసేసినాకనే ఆ దండ ఆమెకు వేయండి." ఫొటోకు అప్పటికే వేసిన దండను తన చేత్తోనే తీసి చేతిలో పట్టుకుని నిలబడింది.

ఉప్మా ప్లేట్ల చప్పుడు కూడా ఆగిపోయింది. పెద్దసారు "తీసేస్తాం లెండి" అన్నాడు, ఎవరికీ సరిగా వినపడనంత మెల్లగా. "గట్టిగా చెప్పు సామీ, అందరికీ వినపడనీ" అంది ఆమె. గట్టిగా చెప్పాడు.

ఆ ప్రతులు వెనక్కి పోయాయి. ఆమె పేరు లేకుండా అవి మళ్లీ వస్తాయి, నాకు తెలుసు. ఆమె పేరు లేదు కాబట్టి లెక్కల గురించి అడిగేవాళ్లకు ఆయన ఏం చెప్పుకుంటాడో ఆయన ఖర్మ. మేడమ్ పైకి పంపిన పాత లెక్కను నేను నా పేరుతో మళ్లీ పంపాను. దానికీ జవాబు రాలేదు. పాత లెక్క ఒక్కటే సరిపోదు కాబట్టి కొత్తది మొదలుపెట్టాను. సెలవు దొరికినప్పుడల్లా మా కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకుని పోతున్నాను. సగంమందిని రేవులో నిలబెట్టి, సగంమందితో తుమ్మల కాడికి.

మేడమ్ పోయాక మొదటిసారి వెళ్లిన పొద్దున, బురదలో చెప్పులు చేతబట్టుకుని నడుస్తుంటే దూరం నుంచే ఆ తువ్వాలు మనిషి నన్ను గుర్తుపట్టాడు. కొంచెం ముసలితనం వచ్చింది. నా వెనక ఎవరైనా వస్తున్నారేమో అని చూశాడు.

"అమ్మ రాలా?"

ఈ కబురు నేను చల్లగా చెప్పలేకపోయాను. "లేదప్పా, అమ్మ పోయింది" అన్నాను. బస్సులో రాని ఏడుపు అక్కడ, ఆ బురదలో, పిల్లల ముందు వచ్చింది.

ఆయన తలకు కట్టిన తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. మిగతా పడవల వాళ్లు కూడా వలలు కడగడం ఆపారు. తరవాత ఆయన, నేను అడగకుండానే, వంగి పడవలోంచి గంప తీసి నా ముందు బోర్లించాడు. ఆ పక్క పడవలో ఆయనా బోర్లించాడు. తుమ్మల వెంబడి ఒక్కొక్క గంపా బోర్లపడుతూ పోయింది.

"రాసుకో తల్లీ" అన్నాడు.